రాత్రి తొమ్మిది తర్వాత

పాలకొల్లులో, ఎరువుల కొట్టు మీద మేడగది.
పద్నాలుగు కంపెనీల ఫోన్లు నా దగ్గరే మోగుతాయి.
అంటే, మోగవు.
ముంబైలో ఎక్కడో చల్లటి గదిలో ఉన్న సర్వరు
నేను గీసిన గీతల వెంట వాటిని పంపేస్తుంది.

నరసాపురం లేసు ఎగుమతి వాళ్ళకి మూడు లైన్లు.
అంబాజీపేట కొబ్బరి కమిషన్ కొట్టుకి
తెలుగైతే ఒకటి, హిందీ అయితే రెండు.
తణుకు రైసుమిల్లు గుమాస్తా పేర్రాజు గారిది
ఎక్స్‌టెన్షన్ నూట ఏడు. ఆయన ఎప్పుడూ ఎత్తరు.
"మీరు పెట్టిన సన్నాయి బావుందండి,
ఇంకాస్త విననివ్వండి జనాన్ని" అంటారు.

"దయచేసి ఒకటి నొక్కండి" అనే గొంతు
పద్నాలుగు చోట్లా ఒక్కరిదే,
మా వీధి ట్యూషన్ టీచరు హైమవతిది.
రికార్డింగు రోజు ఆవిడకి జలుబు.
రెండేళ్ళుగా డెల్టా అంతా
ఆ జలుబుతోనే జవాబు చెబుతోంది.

లాకుల దగ్గర లస్కరు పని లాంటిదే ఇదీ.
ఏ తలుపు ఎన్ని అంగుళాలు, ఏ కాలవకి ఎప్పుడు వంతు.
లస్కరు మర్చిపోతే చేలు మునుగుతాయి.
నేను మర్చిపోతే ఏమవుతుందో
ఆగస్టులో ఒక ముసురు రాత్రి దాకా తెలీలేదు.

భీమవరం ఆక్వా షాపు: ఏరియేటర్లు, ఆక్సిజన్ మాత్రలు.
అమలాపురం కంటాసుపత్రి.
రెండింటికీ రాత్రి తొమ్మిది తర్వాత వేరే దారి.
ఒకదాని దారి కాపీ చేసి ఇంకోదాంట్లో అతికించాను,
చివరి నంబరు మార్చడం మరిచాను.
అంతే. మూడంకెలు.

పొద్దున్నే లాగ్ తెరిస్తే
ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా
పంతొమ్మిది కాల్స్.
గాలి ఆడని రాత్రి, చెరువుల్లో ఊపిరి పడిపోయిన రాత్రి.
అన్నీ వెళ్ళి పడ్డది
ఆసుపత్రి రాత్రి ఆయా సువార్తమ్మ బల్ల మీద.
నా చేతులు చల్లబడ్డాయి.
మళ్ళీ చూశాను. నిడివి నాలుగు నిమిషాలు, మూడు, ఆరు.
రాంగ్ నంబరైతే తొమ్మిది సెకన్లు కదా.

రికార్డింగు విన్నాను.

"ఇది కళ్ళాసుపత్రండి. పెట్టీకండి, ఉండండి.
రొయ్య అంచుకి వచ్చేసిందా?
మీసాలు పైకి కనపడతన్నాయా?
ముందు మేత ఆపీండి. ఉన్న ఇంజిన్లన్నీ తిప్పండి.
డీజిలు లేదా? పక్క చెరువోణ్ణి లేపండి,
తిడితే తిట్టనీండి.
మాత్రలు గట్టు పక్కన కాదు, మధ్యకి ఇసరండి.
మా ఆయన అల్లవరం దగ్గర చెరువు కాపలా లెండి.
మీ పేరు చెప్పండి, రాసుకుంటన్నాను."

కంటి చుక్కల చీటీల వెనక
పంతొమ్మిది పేర్లు, ఊళ్ళు, ఎకరాలు.
పదో కాల్‌కి ఆమె గొంతు బొంగురుపోయింది.
పద్నాలుగో అతను ఏడుస్తున్నాడు.
ఆమె ఏమీ అనలేదు.
వెనక వార్డులో ఎవరో దగ్గారు.
అతను ఆగాక,
"ఫోను ఇంజిను పక్కనెట్టండి. తిరుగుతున్నట్టు
నాకు వినపడాల" అంది.
తర్వాత ఆరు నిమిషాలూ ఇంజిను చప్పుడే.

అందరి రొయ్యలూ బతకలేదు.
రెండు చెరువుల్లో తెల్లారేసరికి తెల్లబడి తేలాయి.
ఆ రెండు పేర్లు నా డైరీలో ఉన్నాయి, ఇక్కడ రాయను.

దారి సరిచేశాను. అరనిమిషం పని.
ఆక్వా షాపాయన క్షమించాడో లేదో, బిల్లు మాత్రం కట్టాడు.
ఆసుపత్రి అకౌంటెంటు అడిగాడు,
"రాత్రిపూట డెబ్బై ఒక్క నిమిషాలు ఎవరితోనండీ?"
నా ఖాతాలో రాసుకున్నాను.

వారం తర్వాత ఫోను మార్చడానికి వెళ్తే
సువార్తమ్మ గుడ్డతో రిసీవరు తుడుస్తూ
"ఆళ్ళు మళ్ళీ చెయ్యట్లేదేంటండి?" అంది.
"సరిచేసేశానమ్మా."
"మంచిదే" అంది. కాసేపాగి,
"ఆ ఆచంటాయన ఇంజిను బాగుచేయించుకున్నాడో లేదో."

ఆమె పాత ఫోనులో నంబర్లు పడవు. నా దగ్గరున్నాయి.
ఒప్పందం నాలుగో పేజీ ప్రకారం ఇవ్వకూడదు.
కంటి చుక్కల చీటీ ఒకటి తిరగేసి
పెన్ను అడిగాను.